చేతికి దెబ్బ తగిలితే అల్ట్రాసౌండ్‌లో ఎముక విరిగిందో లేదో తెలుస్తుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

చేతికి దెబ్బ తగిలి స్కానింగ్‌కి వచ్చేవాళ్ళు, వాళ్ళని వెంటపెట్టుకొచ్చేవాళ్ళు తిప్పితిప్పి ఇవే అడుగుతుంటారు, అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టా. వరసగా చదవక్కర్లేదు, మీ డౌట్ ఎక్కడుందో నేరుగా అక్కడికే పోండి. నా మాట ముందే చెప్పేస్తా: అల్ట్రాసౌండ్ "విరిగింది" అని చూపిస్తే దాదాపు నమ్మేయొచ్చు, "ఏం లేదు" అన్నప్పుడు మాత్రం రిపోర్ట్ కంటే మీ నొప్పి చెప్పేదే ఎక్కువ వినాలి. ఇది చదివి సొంత వైద్యం మొదలుపెట్టకండి, డాక్టర్‌ని ఏం అడగాలో తెలియడానికే ఇదంతా.

## దెబ్బ తగిలిన వెంటనే

వేళ్ళు బాగానే కదులుతున్నాయి, అంటే ఎముక విరగనట్టే కదా?

కాదండీ. అందరూ నమ్మే మాట ఇది, కానీ తప్పు. వేళ్ళని కదిపే కండరాలు చాలావరకు ముంజేతిలో ఉంటాయి, అక్కడ్నుంచి టెండన్లు (కండరాన్ని ఎముకకి కలిపే తాళ్ళు) వచ్చి వేలి ఎముకలకి అతుక్కుని లాగుతాయి, కాబట్టి ఎముక బీటవారినా టెండన్ తెగకపోతే వేలు కదులుతూనే ఉంటుంది, కాస్త నొప్పితో. అటునుంచి ఇటు కూడా అంతే, వేలు అస్సలు కదలట్లేదంటే ఎముకే విరిగిందని కాదు, ఒట్టి వాపుకే వేలు బిగుసుకుపోతుంది.

బెణికిందా విరిగిందా ఇంట్లోనే తెలుసుకోవడం ఎలా?

ఖచ్చితంగా తెలుసుకోలేరు, అనుమానం ఎంత ఉందో మాత్రం చూసుకోవచ్చు. ఒక్క వేలి కొసతో ఎముక వెంబడి మెల్లగా నొక్కుకుంటూ పోండి. నొప్పి కీలు చుట్టూ పరుచుకుని ఉంటే బెణుకు అయ్యే అవకాశం ఉంది, ఎముక మీద ఒక్క చోట వేలు పెట్టగానే ప్రాణం పోయినట్టు ఉంటే విరిగిందన్న అనుమానం ఎక్కువ. వేలి కొసని పట్టుకుని ఎముక పొడవునా మెల్లగా లోపలికి తోస్తే మధ్యలో ఎక్కడో పోటు వచ్చినా అంతే. ఇంకోటి, మెల్లగా పిడికిలి బిగించి చూడండి, నాలుగు వేళ్ళ కొసలూ బొటనవేలి మొదట్లో ఉన్న మణికట్టు వైపే చూడాలి. ఒక వేలు పక్క వేలి మీదకి ఎక్కిందంటే ఎముక విరిగి మెలి తిరిగిందని అనుమానించాలి, ఇక ఆ రోజే ఆర్థో డాక్టర్‌కి చూపించండి.

స్కాన్‌కి వెళ్ళేలోపు ఏం చెయ్యాలి?

అన్నిటికంటే ముందు ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. వాపు ఎక్కాక ఉంగరం రాదు, అది వేలికి రక్తం అందకుండా చేస్తుంది, చివరికి కట్టర్‌తో కోయాల్సి వస్తుంది. తర్వాత చేతిని గుండె కంటే ఎత్తులో పెట్టుకోండి, ఐసుని గుడ్డలో చుట్టి 15, 20 నిమిషాలు పెట్టి తీయండి, దెబ్బ తగిలిన వేలిని కదలకుండా ఆపండి. మర్దన వద్దు, నూనె వద్దు, "లాగితే సర్దుకుంటుంది" అని ఎవరైనా చెయ్యి పట్టుకుంటే వెనక్కి తీసేసుకోండి. ఆపరేషన్ అవసరం పడేలా కనిపిస్తే, అంటే వేలు బాగా వంకరపోయినా ఎముక బయటికి వచ్చినా, డాక్టర్ చూసేదాకా ఏమీ తినకుండా ఉంటే మంచిది.

స్కాన్ సంగతి పక్కన పెట్టి నేరుగా ఎమర్జెన్సీకి ఎప్పుడు పోవాలి?

వేలు తెల్లగా పాలిపోయినా నీలంగా మారినా, చల్లబడినా, తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోయినా, గాయంలోంచి ఎముక కనపడుతున్నా, రక్తం ఆగకపోయినా, వేలు చూడగానే వంకరగా తెలుస్తున్నా ఆగొద్దు. ఇంకో రకం ఉంది, జనం దాచేది. కొట్లాటలో ఎవరి మూతి మీదో గుద్దినప్పుడు పిడికిలి కణుపు మీద పన్ను గీరుకుని చిన్న గాటు పడుతుంది, పైకి ఏమీ లేనట్టే ఉంటుంది గానీ నోట్లోని క్రిములు కీలు లోపలికి చేరితే ఒకట్రెండు రోజుల్లోనే చెయ్యంతా చీము పట్టొచ్చు. సిగ్గుపడకుండా ఎలా తగిలిందో డాక్టర్‌కి ఉన్నదున్నట్టు చెప్పండి.

## అసలు అల్ట్రాసౌండ్‌లో ఎముక కనిపిస్తుందా?

అల్ట్రాసౌండ్ అంటే కడుపులో బిడ్డని చూసేది కదా, దాంతో ఎముక ఎలా తెలుస్తుంది?

మిషన్ అదే, ప్రోబ్ (చర్మం మీద పెట్టి శబ్దం పంపే పరికరం) వేరు. మన చెవి సెకనుకి 20,000 కంపనాల దాకా వింటుంది, చేతికి వాడే సన్నటి ప్రోబ్ 10 నుంచి 15 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి కోటి పైగా కంపనాలతో శబ్దం పంపిస్తుంది. ఆ శబ్దం చర్మం, కొవ్వు, టెండన్ దాటుకుంటూ సెకనుకి సుమారు 1540 మీటర్ల వేగంతో పోయి ఎముక పైపొర దగ్గర చాలావరకు వెనక్కి తిరిగొచ్చేస్తుంది, అందుకే స్క్రీన్ మీద ఎముక పైభాగం మెరిసే తెల్ల గీతలా, దాని కింద అంతా నల్లటి నీడలా పడుతుంది. గోడ అవతల ఏముందో టార్చిలైటుకి ఎలా కనపడదో ఎముక లోపల ఏముందో దీనికీ అలాగే కనపడదు. కానీ విరిగిందో లేదో చూడ్డానికి చాలాసార్లు ఆ పై గీత చాలు. బాగున్న ఎముకకి ఆ గీత తెగకుండా నున్నగా సాగుతుంది, విరిగిన చోట తెగుతుంది లేదా ఒక అంచు పైకీ ఒక అంచు కిందికీ జరిగి మెట్టులా కనిపిస్తుంది, పక్కనే కారిన రక్తం నల్లటి మచ్చలా ఎముకని అంటుకుని ఉంటుంది. 15 మెగాహెర్ట్జ్ దగ్గర శబ్ద తరంగం పొడవు 0.1 మిల్లీమీటరే, కాబట్టి మిల్లీమీటర్ కూడా లేని బీట కూడా చర్మానికి దగ్గర్లో ఉంటే దొరుకుతుంది.

ఎక్స్‌రే ఉండగా మళ్ళీ ఇదెందుకు?

ఎక్స్‌రే దొరికేచోట ఎక్స్‌రేనే ముందు, దాంట్లో వాదన లేదు. 1895లో రాంట్‌జన్ ఎక్స్ కిరణాలు కనిపెట్టి తన భార్య చేతినే బొమ్మ తీశాడు, అప్పట్నుంచీ చేతి ఎముకలకి అదే మొదటి పరీక్ష, ఎందుకంటే మొత్తం ఎముక, కీలు, వంపు అన్నీ ఒక్క చూపులో తెలుస్తాయి. అల్ట్రాసౌండ్ పనికొచ్చేది దాని పక్కన. ఆటస్థలంలో, అంబులెన్స్‌లో, ఎక్స్‌రే గది దూరంగా ఉన్నచోట మిషన్‌నే మనిషి దగ్గరికి తీసుకుపోవచ్చు. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు, నొప్పి మాత్రం ఒకే చోట పోటు పెడుతోంది అన్నప్పుడు సరిగ్గా ఆ చోటే ప్రోబ్ పెట్టి ఎటు కావాలంటే అటు తిప్పి చూడొచ్చు. పైగా టెండన్, లిగమెంట్ (కీలు దగ్గర ఎముకకీ ఎముకకీ కలిపే పట్టీ) ఎక్స్‌రేలో కనపడవు, ఇందులో కనపడతాయి. అన్నట్టు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాముల కోసం అల్ట్రాసౌండ్ మిషన్ పెట్టారు, అంత ఇరుకులో కూడా పట్టేది ఇదే మరి.

ఎక్స్‌రే రేడియేషన్ భయం, గర్భంతో ఉన్నా, అందుకే అల్ట్రాసౌండే చేయించుకుంటా అంటే?

భయం అర్థమవుతుంది గానీ లెక్క చూస్తే అంత భయం అక్కర్లేదు. చేతి ఎక్స్‌రేకి పడే మోతాదు సుమారు 0.001 మిల్లీసీవర్ట్, నేల నుంచీ ఆకాశం నుంచీ మనందరికీ ఎలాగూ కొన్ని గంటల్లో పడేంత. పైగా కిరణాలు చేతి మీదకే పోతాయి, కడుపు దూరంగా ఉంటుంది. గర్భిణి అని ముందే చెప్పండి, జాగ్రత్త తీసుకుంటారు, కానీ డాక్టర్ అవసరమన్న ఎక్స్‌రే మాత్రం మానుకోవద్దు. చూడకుండా వదిలేసిన ఫ్రాక్చర్ వల్ల జరిగే నష్టం దానికంటే చాలా ఎక్కువ.

అల్ట్రాసౌండ్ రిపోర్ట్ ఎంతవరకు నమ్మొచ్చు?

చేతి ఎముకల మీద జరిగిన చాలా అధ్యయనాల్లో, చేయి తిరిగినవాళ్ళు చేస్తే, నిజంగా విరిగిన వందలో 90 దరిదాపుల్లో పట్టుకుంటున్నారు. "విరిగింది" అన్నప్పుడు అది తప్పవ్వడం అంతకంటే తక్కువ. ఇది బాగానే ఉంది గానీ రెండో వైపు చూడండి, వందలో పది దాకా తప్పిపోవచ్చన్నమాట, ఆ పదిలో మీది ఉండకూడదని రూలేం లేదు. ఇంకా ఈ అంకెలు చేసే మనిషిని బట్టి మారిపోతాయి. ఎక్స్‌రే బొమ్మని తర్వాత ఎవరైనా మళ్ళీ తీసి చదవొచ్చు, అల్ట్రాసౌండ్‌లో ప్రోబ్ పట్టుకున్నవాళ్ళు ఆ చోటు చూడకుండా దాటేస్తే బొమ్మలో ఆ చోటే ఉండదు.

చేతిలో ఏ ఎముకలు బాగా కనిపిస్తాయి, ఏవి కనపడవు?

మణికట్టుతో కలిపి ఒక్కో చేతిలో 27 ఎముకలు, వేళ్ళలో 14, అరచేతిలో 5, మణికట్టులో 8. అరచేతి ఎముకలు బ్రహ్మాండంగా కనిపిస్తాయి, పొడుగ్గా ఉంటాయి, చేతి వెనక వైపు చర్మం కిందే ఉంటాయి. వేళ్ళ ఎముకల మధ్యభాగం కూడా సులువే. కీళ్ళ దగ్గర కష్టం మొదలవుతుంది, ఎముక కొస గుండ్రంగా తిరిగిపోతుంది కాబట్టి కీలు లోపలికి పోయిన బీట సగమే కనిపిస్తుంది. మణికట్టులోని ఎనిమిదీ ఒకదానికొకటి అతుక్కుని, ఒకదాని నీడలో ఒకటి దాక్కుని ఉంటాయి, అక్కడ మాత్రం అల్ట్రాసౌండ్‌లో ఏం లేదన్నారని ఊపిరి పీల్చుకోవద్దు, సీటీ గానీ ఎంఆర్‌ఐ గానీ చూడాల్సిందే.

పిల్లలకి ఎక్స్‌రే బదులు ఇది చాలా?

మణికట్టుకి కాస్త పైన, ముంజేతి ఎముక చివర విరిగిందన్న అనుమానం అయితే పిల్లల్లో ఇది చక్కగా పనిచేస్తోంది. ఆస్ట్రేలియాలో 5 నుంచి 15 ఏళ్ళ పిల్లలు 270 మంది మీద చేసిన పరీక్ష 2023లో వచ్చింది, మొదట అల్ట్రాసౌండ్ చేసినవాళ్ళు నాలుగు వారాల తర్వాత చెయ్యి వాడుకోవడంలో ఎక్స్‌రే తీసినవాళ్ళకంటే ఏమీ వెనకబడలేదు. అయితే దాన్ని తెచ్చి వేళ్ళకీ అరచేతికీ అంటించలేం. పిల్లల ఎముకల చివర పెరిగే పొర ఒకటి ఉంటుంది, అది ఇంకా గట్టిపడని మృదులాస్థి కాబట్టి తెల్ల గీతలో అక్కడ ఖాళీ కనిపిస్తుంది, అచ్చం విరిగినట్టే. కంగారు పడకుండా రెండో చేతిలో అదే వేలు చూస్తే తెలిసిపోతుంది, రెండిట్లోనూ ఒకేలా ఉంటే చాలావరకు అది పెరిగే పొరే. ఒక్క జాగ్రత్త: తలుపు సందులో వేలు నలిగి గోరు మొదలు చర్మంలోంచి పైకి లేచి వచ్చిందంటే కింద ఆ పెరిగే పొర దగ్గరే విరిగి, గోరు కింది చర్మం ఆ విరిగిన సందులో ఇరుక్కుని ఉండొచ్చు, అది కట్టు కట్టి పంపించేసే దెబ్బ కాదు.

పెద్దవాళ్ళకి కీళ్ళ అరుగుదల ఉంటే రిపోర్ట్ తేడా వస్తుందా?

వస్తుంది. అరిగిన కీళ్ళ అంచుల్లో ఎముక ముళ్ళలా పెరుగుతుంది, స్కాన్‌లో గీత ఎగుడుదిగుడుగా పడుతుంది, కొత్తగా చూసేవాళ్ళు దాన్నే ఫ్రాక్చర్ అనుకోవచ్చు. కొత్త ఫ్రాక్చర్ అయితే అదే చోట నొక్కితే నొప్పి ఉంటుంది, పక్కన రక్తం చేరి ఉంటుంది. కాబట్టి కీళ్ళవాతం ఉందని, పాత దెబ్బలు ఉంటే అవి కూడా ముందే చెప్పండి.

## స్కాన్ గదిలో

అసలే నొప్పి, దాని మీద ప్రోబ్ పెట్టి నొక్కుతారా?

నొక్కకుండా చూసే పద్ధతి ఉంది, నీళ్ళ తొట్టి పద్ధతి. వెడల్పు గిన్నెలోనో టబ్‌లోనో గోరువెచ్చటి నీళ్ళు పోసి చెయ్యి అందులో పెట్టమంటారు, ప్రోబ్ కొసని కూడా నీళ్ళలో ముంచి చర్మానికి ఓ సెంటీమీటర్ దూరంలో పట్టుకుని అటూ ఇటూ నడిపిస్తారు, చర్మానికి తగలనే తగలదు. శబ్దానికి గాలి అడ్డం, నీళ్ళు దారి, అందుకే జెల్ అవసరం కూడా పడదు. ఇందులో ఇంకో లాభం ఏంటంటే ప్రోబ్‌కి మరీ ఆనుకుని ఉన్న భాగం సరిగ్గా కనపడదు, వేలి ఎముకేమో చర్మానికి అంత దగ్గర్లోనే ఉంటుంది, మధ్యలో ఆ సెంటీమీటర్ నీళ్ళు ఉండేసరికి బొమ్మ తేటగా వస్తుంది, వేలి ఒంపుల్లో ప్రోబ్ జారిపోయే తలనొప్పి కూడా ఉండదు. ఏడ్చే పిల్లలు కూడా నీళ్ళలో చెయ్యి పెట్టగానే కాస్త సర్దుకుంటారు. తొట్టి లేకపోతే దళసరిగా జెల్ వేసి, ప్రోబ్‌ని ఆనీ ఆనకుండా తేలిస్తూ చూడమని అడగండి.

ఎంతసేపు పడుతుంది, బాగున్న చేతిని కూడా ఎందుకు చూస్తున్నారు?

ఒక్క వేలు, ఒక్క చోటు అయితే ఐదు పది నిమిషాలు. ఒక్క వేలితో నొప్పి సరిగ్గా ఎక్కడుందో చూపించండి, "ఇక్కడంతా" అని చెయ్యి మొత్తం తిప్పి చూపిస్తే వెతుకులాట పెరుగుతుంది. ప్రోబ్‌ని ఎముక పొడవునా ఒకసారి, అడ్డంగా ఒకసారి పెడతారు, వెనక నుంచి, అరచేతి వైపు నుంచి, వీలైతే పక్కల నుంచీ చూస్తారు, పొడవు చూపులో దాక్కున్న బీట అడ్డం చూపులో బయటపడొచ్చు. బాగున్న చేతిని చూడ్డం టైం వేస్ట్ కాదు. ఎముకలోకి రక్తనాళం దూరే చిన్న రంధ్రం, కీలు దగ్గర గింజంత అదనపు ఎముక, ఇలాంటివి పుట్టుకతో ఉంటాయి, విరిగిన ముక్కలా మోసం చేస్తాయి.

గాయం తెరుచుకుని ఉంటే స్కాన్ చేయొచ్చా?

చేయొచ్చు, తొట్టిలో మాత్రం ముంచరు. ప్రోబ్‌కి శుభ్రమైన తొడుగు వేసి, స్టెరైల్ జెల్‌తో, గాయం పక్కనుంచి చూస్తారు.

కట్టు మీద నుంచే చూడొచ్చు కదా, విప్పడం ఎందుకు?

కుదరదు. పిండికట్టులో సన్న సన్న గాలి ఖాళీలు ఉంటాయి, శబ్దం అక్కడే ఆగిపోతుంది. ఎక్స్‌రే అయితే కట్టు మీద నుంచి కూడా వస్తుంది.

స్కాన్ చేస్తూ వేలు వంచమని, చాచమని ఎందుకు అడుగుతారు?

ఎముకతో పాటు టెండన్ తెగిందేమో చూడ్డానికి. ఇందులో కదిలే బొమ్మ ఉంటుంది కాబట్టి మీరు వేలు వంచుతుంటే టెండన్ జారడం స్క్రీన్ మీద కనిపిస్తుంది. బంతి వచ్చి వేలి కొసకి తగిలి చివరి కణుపు కిందికి వాలిపోయి మీ అంతట మీరు పైకి ఎత్తలేకపోతుంటే, చాచే టెండన్ తెగడమో, తెగుతూ చిన్న ఎముక ముక్కని పీక్కుని రావడమో జరిగి ఉంటుంది. అవతలివాళ్ళ చొక్కా పట్టుకుని లాగుతుంటే ఉంగరం వేలు పట్టు తప్పి, కొస వంచలేకపోతే లోపలివైపు టెండన్ ఊడిపోయి అరచేతి వైపు వెనక్కి జరిగి ఉండొచ్చు. ఎంత దూరం జరిగిందో అల్ట్రాసౌండ్ చూపిస్తుంది, ఆపరేషన్ ఎంత తొందరగా చెయ్యాలన్నది కూడా దాన్ని బట్టే ఉంటుంది. నొప్పి భరించలేకపోతే ఆపండి, బలవంతం చెయ్యరు.

చెక్క పుల్ల విరిగి లోపలే ఉందనిపిస్తోంది, ఎక్స్‌రేలో ఏం కనపడలేదు?

పుల్ల, ముల్లు సాధారణంగా ఎక్స్‌రేలో కనపడవు. అల్ట్రాసౌండ్‌లో తెల్లటి చిన్న గీతలా, కింద నీడతో దొరుకుతాయి. గాజు, లోహం అయితే ఎక్స్‌రేలోనూ తెలుస్తాయి. మీ అనుమానం ఏంటో ముందే చెప్తే అది కూడా చూస్తారు.

## రిపోర్ట్ చేతికొచ్చాక

రిపోర్ట్‌లో రాసిన మాటలు అర్థం కావట్లేదు, ఏది మంచి ఏది చెడు?

"కార్టికల్ డిస్‌కంటిన్యుటీ", "కార్టికల్ బ్రీచ్" అని ఉంటే ఎముక పైపొర తెగింది. "స్టెప్ ఆఫ్" అంటే తెగిన అంచులు ఎత్తుపల్లాలుగా జరిగాయి. "సబ్‌పెరియోస్టియల్ హెమటోమా" అంటే ఎముకని కప్పి ఉండే పలుచటి పొర కింద రక్తం చేరింది, గీత తెగినట్టు కనపడకపోయినా ఇది ఉంటే ఫ్రాక్చర్ అనుమానం గట్టిదే. "ఎఫ్యూజన్" అంటే కీలులో నీరు. "సాఫ్ట్ టిష్యూ ఎడిమా" ఒక్కటే ఉంటే వాపు మాత్రమే. చాలామంది చివరి లైన్ ఒక్కటే చదివి జేబులో పెట్టుకుంటారు, ఏ ఎముక, ఏ వైపు నుంచి చూశారు అన్నది కూడా చదవండి. మీకు నొప్పి ఉన్న చోటు పేరే అందులో లేకపోతే అడగాల్సింది మీరే.

అల్ట్రాసౌండ్‌లో విరిగిందని తేలిపోయింది, మళ్ళీ ఎక్స్‌రే అంటున్నారు, డబ్బు గుంజడానికా?

అలా అనుకోకండి. విరిగిందా అన్న ప్రశ్నకి అల్ట్రాసౌండ్ జవాబు చెప్పింది, ఎలా విరిగింది అన్నది ఇంకా మిగిలే ఉంది. ఎన్ని ముక్కలు, ఎంత వంపు, బీట కీలు లోపలికి పోయిందా, ఎముక పొట్టిదయిందా, ఇవన్నీ మొత్తం ఎముక ఒకే బొమ్మలో ఉంటేనే కొలవగలరు. కట్టు సరిపోతుందా వైరు వెయ్యాలా ప్లేటు వెయ్యాలా అని తేల్చేది ఆ కొలతలే. వేలు మెలి తిరిగిందా అన్నదయితే ఏ బొమ్మా సరిగ్గా చెప్పదు, పిడికిలి బిగించి కంటితో చూడాల్సిందే.

స్కాన్‌లో ఏం లేదన్నారు, ఎక్స్‌రే కూడా నార్మల్, కానీ బొటనవేలి మొదట్లో మణికట్టు నొప్పి తగ్గట్లేదు?

దీన్ని వదిలేయొద్దు. బొటనవేలు బాగా పైకి చాచితే మణికట్టు పక్కన రెండు టెండన్ల మధ్య చిన్న గుంట పడుతుంది, అరచెయ్యి నేలకి ఆనించి పడ్డాక ఆ గుంటలో నొక్కితే నొప్పి ఉందంటే స్కాఫాయిడ్ అనే ఎముక విరిగిందేమో అని అనుమానించాల్సిందే. మొదటి ఎక్స్‌రేలో ఈ ఎముక ఫ్రాక్చర్లు వందలో 10 నుంచి 20 దాకా కనపడకుండా పోతాయి, ముక్కలు కదలకుండా ఉంటే బీట అంత సన్నగా ఉంటుంది. అల్ట్రాసౌండ్‌లో ఈ ఎముక పైభాగం కొంతే కనిపిస్తుంది, తెగిన గీత దొరికితే మంచిదే, దొరకకపోతే అది లేనట్టు కాదు.

ఇంత పట్టుబట్టడం ఎందుకంటే ఈ ఎముకకి రక్తం ఎక్కువగా వేళ్ళ వైపు కొస నుంచి లోపలికి వెళ్ళి వెనక్కి ముంజేతి వైపు పారుతుంది, మధ్యలో విరిగితే వెనక ముక్కకి రక్తం ఆగిపోతుంది, అది అతుక్కోదు, కొన్నిసార్లు ఆ ముక్క చచ్చుబడిపోతుంది, ఏళ్ళు గడిచాక మణికట్టు మొత్తం అరిగిపోతుంది. అందుకే అనుమానం ఉంటే రిపోర్ట్‌లన్నీ నార్మల్ అయినా స్ప్లింట్ (చెయ్యి కదలకుండా ఉంచే పట్టీ) వేసి, 10 నుంచి 14 రోజుల తర్వాత మళ్ళీ పరీక్ష చేసి ఎక్స్‌రే తీస్తారు, ఎంఆర్‌ఐ అందుబాటులో ఉంటే ముందే చేస్తారు, ఎముక లోపలి దెబ్బ కూడా అందులో బయటపడుతుంది. "బెణుకే, వారంలో పోతుంది" అని స్ప్లింట్ తీసేసి బరువులు మోసేవాళ్ళు ఎక్కువగా కుర్రాళ్ళే, ఈ ఫ్రాక్చర్ ఎక్కువగా వచ్చేదీ వాళ్ళకే.

కోపంలో గోడని గుద్దాను, చిటికెన వేలి కణుపు లోపలికి పోయింది, స్కాన్ చాలా?

చిటికెన వేలి కింద అరచేతి ఎముక మెడ దగ్గర విరిగి ఉంటుంది, దీన్నే బాక్సర్ ఫ్రాక్చర్ అంటారు, నిజానికి బాక్సింగ్ నేర్చుకున్నవాళ్ళకంటే గోడల్ని గుద్దేవాళ్ళకే ఎక్కువ. అల్ట్రాసౌండ్‌లో ఇంత సులువుగా దొరికే ఫ్రాక్చర్ ఇంకోటి లేదనుకోవచ్చు, చేతి వెనక వైపు ప్రోబ్ పొడవుగా పెట్టగానే నున్నగా వస్తున్న తెల్ల గీత కణుపుకి కాస్త ముందు ఠక్కున అరచేతి వైపు దిగిపోతుంది. చిటికెన వేలు మొదట్లో కీలు బాగా కదులుతుంది కాబట్టి అక్కడ కొంత వంపు ఉన్నా పని నడిచిపోతుంది, అదే వంపు చూపుడు వేలు, మధ్య వేలు కింద వస్తే ఒప్పుకోరు. వంపు కొలవడానికి ఎక్స్‌రే తీస్తారు. కణుపు మళ్ళీ మునుపట్లా ఉబ్బుగా రాకపోవచ్చు, పట్టు మాత్రం చాలామందికి బాగానే వస్తుంది.

బొటనవేలు వెనక్కి విరుచుకుపోయింది, ఎముక బాగానే ఉందట, కానీ ఏదీ గట్టిగా పట్టుకోలేకపోతున్నా?

బొటనవేలి మొదటి కీలుకి చూపుడు వేలి వైపు ఉండే లిగమెంట్ తెగి ఉండొచ్చు. తెగిన కొస పక్కనున్న పొర పైకి ఎక్కి కూర్చుంటే దానంతటది మళ్ళీ అతుక్కోలేదు, ఆపరేషన్ కావాలి. ఎక్స్‌రేలో కనపడని ఈ సంగతి అల్ట్రాసౌండ్‌లో తెలుస్తుంది, కాబట్టి ఎముక మాత్రమే చూసి పంపేస్తే లిగమెంట్ కూడా చూడమని అడగండి.

ఫోన్‌కి తగిలించే చిన్న ప్రోబ్‌లు ఉన్నాయట, కొనుక్కుని ఇంట్లోనే చూసుకుంటే?

కొనొద్దు. బొమ్మ రావడం తేలికే, ఆ బొమ్మలో ఏది ఎముక ఏది నీడ ఏది టెండన్ అని చెప్పగలగడమే అసలు పని. ప్రోబ్ కాస్త వాలితే చాలు బాగున్న ఎముక గీత కూడా తెగినట్టు కనిపిస్తుంది. శిక్షణ ఉన్న డాక్టర్లు, అంబులెన్స్ వాళ్ళ చేతిలో అయితే అవి మంచి సాధనాలే.

## కట్టు వేశాక, మానేటప్పుడు

ఎముక సరిచేసేటప్పుడు కూడా స్కాన్ పెట్టారు, అప్పుడెందుకు?

రెండు పనులకి. ఒకటి, నొప్పి తెలియకుండా నరం పక్కన మత్తు ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు సూది సరిగ్గా ఎక్కడికి పోతోందో చూసుకోవడానికి. రెండోది, ఎముకని లాగి సర్దాక అంచులు కలిశాయో లేదో అక్కడికక్కడే చూడ్డానికి, మెట్టు పోయి గీత కలిసిపోతే సర్దుకున్నట్టే. చివర్లో ఎలాగూ ఎక్స్‌రే తీసి రూఢి చేసుకుంటారు.

మూడు వారాలైంది, ఎక్స్‌రేలో ఇంకా బీట కనిపిస్తోంది, మానలేదా?

కంగారు పడొద్దు. వేలి ఎముకలు, అరచేతి ఎముకలు చాలావరకు మూడు నుంచి ఆరు వారాల్లో పనికి సరిపడా అతుక్కుంటాయి, ఎక్స్‌రేలో బీట మాయమవ్వడానికి మాత్రం నెలలు పట్టొచ్చు. కొత్తగా పుట్టే ఎముకలో కాల్షియం చేరేదాకా ఎక్స్‌రేకి అది కనపడదు, అల్ట్రాసౌండ్‌లో అంతకంటే ముందే బీట మీద మెత్తటి పొర పెరగడం కనిపిస్తుంది. కానీ డాక్టర్లు ఎక్కువగా నమ్మేది వేలితో నొక్కి చూడ్డాన్నే, నొప్పి లేకపోతే కట్టు తీసి కదపమంటారు. అప్పుడు భయపడి కదపకుండా కూర్చుంటే కీళ్ళు బిగుసుకుపోతాయి, ఎముక మానినా వేలు పనికిరాకుండా పోయేది అక్కడే.

ఫిజియో దగ్గర అల్ట్రాసౌండ్ పెడతారు కదా, దాంతో ఎముక తొందరగా అతుక్కుంటుందా?

అది బొమ్మ తీసే మిషన్ కాదు, 1 లేదా 3 మెగాహెర్ట్జ్ శబ్దంతో కండరాలకి, కీళ్ళకి లోపల కాస్త వేడి పెట్టేది. కొత్త ఫ్రాక్చర్ మీద దాన్ని పెట్టించుకోవద్దు. ఎముక అతకడానికే అంటూ తక్కువ తీవ్రతతో పనిచేసే ఇంకో రకం మిషన్ ఉంది, ఒకప్పుడు దాని మీద చాలా ఆశ పెట్టుకున్నారు, కానీ 2016లో కాలి ఎముక ఫ్రాక్చర్ల మీద వచ్చిన పెద్ద పరీక్షలో లాభమేమీ కనపడలేదు, 2017లో నిపుణుల బృందం వాడొద్దనే సలహా ఇచ్చింది. దాని మీద పెట్టే డబ్బు వేళ్ళ వ్యాయామాలు నేర్పించే ఫిజియోకి ఇవ్వండి.

కట్టు తీశాక ఎముక మీద గట్టిగా బుడిపెలా తగులుతోంది, మళ్ళీ విరిగిందా?

నొప్పి లేకుండా గట్టిగా ఉంటే అది విరిగిన చోట చుట్టూ పుట్టిన కొత్త ఎముక. నెలలు గడిచేకొద్దీ కొంత అరిగి నున్నబడుతుంది, పిల్లల్లో అయితే ఇంకా తొందరగా. మళ్ళీ దెబ్బ తగిలి ఆ బుడిపె మీదే కొత్తగా నొప్పి, వాపు వస్తే మాత్రం ఎక్స్‌రే తీయించుకోండి, అల్ట్రాసౌండ్‌లో పాత బుడిపె ఎగుడుదిగుడుకీ కొత్త బీటకీ తేడా చెప్పడం కష్టం.